ఇస్లాపూర్ అవ్వ పసుపు సంచి

చెత్తలో కూడా కులాలుంటాయని నాకు నాందేడ్‌లో ఒక కాన్పుల దవాఖానలో పనిచేసేటప్పుడు తెలిసింది. అంతకుముందు మా దగ్గర చెత్తంటే చెత్తే. మెట్ల కింద ఒక పాత తారు డ్రమ్ము ఉండేది. నెత్తుటి దూది, సూదులు, గ్లూకోజు సీసాలు, అరటి తొక్కలు, చాయ్‌పత్తి, బాలింతకని తెచ్చి మిగిలిపోయిన జొన్నరొట్టె, అన్నీ అందులో అన్నదమ్ముల్లా కలిసి ఉండేవి. డ్రమ్ము నిండితే ఎవరో వచ్చి ఎత్తుకుపోయేవారు. ఇంటికొచ్చిన చుట్టాన్నయినా ఎప్పుడు పోతావని అడుగుతాం గానీ, పోయే చెత్తను ఎక్కడికని ఎవరైనా అడుగుతారా? మేమూ అడగలేదు.

తర్వాత సర్కారుకు జ్ఞానోదయమైంది. దవాఖానల చెత్తకు నియమాలు పుట్టాయి. తొంభైల చివర ఢిల్లీలో పుట్టిన నియమం మా దాకా వచ్చేసరికి రెండు వేల సంవత్సరం దాటింది. మా వైపు రైళ్లు కూడా అంతే కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఊళ్లో ఉన్న చిన్నాపెద్దా దవాఖానల వాళ్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. చెత్తను పుట్టినచోటే వేరుచేయాలని, రంగు సంచుల్లో వేయాలని, తూకం వేసి చీటీ అంటించాలని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పారు. మధ్యలో ప్లాస్టిక్ కప్పుల్లో చాయ్, అట్టపెట్టెల్లో భోజనం. అయిపోయాక ఆ కప్పులూ పెట్టెలూ హాలు గుమ్మం బయటే గుట్టగా పోసి అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. వాటిది ఏ రంగు సంచో ఎవరూ చెప్పలేదు మరి.

మా డాక్టరమ్మను మేమంతా 'బాయి' అనేవాళ్లం. మనిషి మంచిది, చేతివాసి ఇంకా మంచిది, కానీ ఆఫీసు కాగితం కనబడితే చాలు, కాళ్లు వణికేవి. నేను రిసెప్షన్‌లో కూర్చుని చీటీలు రాసేదాన్ని. శిక్షణ నుంచి తిరిగొస్తూ రిక్షాలోనే బాయి నాకు పదవి ఇచ్చేసింది. "నీకు మరాఠీ వస్తుంది, హిందీ వస్తుంది, తెలుగొస్తుంది. పైగా నోరుంది. ఇకమీద చెత్తకు నువ్వే ఇన్‌చార్జి" అంది. జీతం పెరగలేదు, పేరు మాత్రం పెరిగింది. ఇంట్లో చెబితే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "బిడ్డ ఏం కొలువు చేస్తదని అడుగుతె ఏం జెప్పాలె? చెత్త సూస్తదని జెప్పాల్నా? గీ మాటకు నిన్ను ఇంత సదివిచ్చిన్నా?" అంటూ వారం పాటు సణిగింది.

సంచులు వచ్చాయి. సూదులకు ఒకటి, గొట్టాలకు ఎర్రది, మామూలు చెత్తకు నల్లది, మనిషి ఒంటి నుంచి వచ్చిన మాంసపు ముక్కలకు పసుపుది. గోడకు అంటించమని ఇచ్చిన పటం ఇంగ్లీషులోనూ మరాఠీలోనూ ఉంది. మా దగ్గరికి భోకర్ నుంచి, ధర్మాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లలో సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. వాళ్లకోసం నేనే కూర్చుని తెలుగులో ఒకటి రాసి అంటించాను. చదివినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, సంచులు మాత్రం జనానికి తెగ నచ్చాయి. నల్లవాటిని ఆయాలు ఇంటికి పట్టుకుపోయి పిల్లల పుస్తకాలకు అట్టలేశారు. ఎర్ర సంచిలో ఒక తాత వంకాయలు కొనుక్కొచ్చాడు. పసుపు సంచికైతే గౌరవమే వేరు. మన ఆడవాళ్లకు పసుపురంగు కనబడితే చేతులూరుకుంటాయా? తీసుకుపోయి బిడ్డను తొట్టెలో వేసే నాటికి పసుపూ కుంకుమా పెట్టుకోవడానికి బాగుంటుందని ఒక్కొక్కరూ రెండేసి అడిగేవాళ్లు. మాంసపు ముక్కల సంచి తల్లీ అని చెబితే, "గంత మంచి రంగు సంచిల గవెందుకు ఏస్తరమ్మా, అక్కల్ లేదా సర్కారుకు" అని నన్నే తిట్టేవాళ్లు.

ఇక అసలు తంటా మాయతో వచ్చింది. బిడ్డ పుట్టాక వెనకాల మాయ పడుతుంది కదా, మా వైపు పల్లెల్లో దాన్ని పారెయ్యరు. కాన్పుకు వచ్చేటప్పుడే పాతబట్టలతోపాటు ఒక కొత్త ముంత తెచ్చుకుంటారు. మాయను అందులో పెట్టి, ఉప్పూ పసుపూ వేసి, పైన వేపాకు కప్పి ఇంటికి తీసుకుపోతారు. తానం చేసే బండ పక్కన లోతుగా గుంత తీసి పూడ్చి, పైన బరువైన రాయి పెడతారు. కుక్క ముట్టిందా, బిడ్డకు గండమని భయం. బిడ్డతో కలిసి తొమ్మిది నెలలున్నది కుక్కలపాలు కావడమేమిటని బాధ కూడా. దవాఖానకొచ్చి కన్నా ఆ పద్ధతి మాత్రం వదల్లేదు. మేమూ ముంతలో పెట్టి ఇచ్చేవాళ్లం. ఇదేదో నేరమని నియమాల పుస్తకం వచ్చేదాకా మాకు తెలియదు.

తనిఖీకి వచ్చే ఆఫీసరు మరాఠీ ఆయన. ఏ ఆఫీసో నేను చెప్పను, ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సఫారీ డ్రెస్సు, ముక్కుకు జేబురుమాలు, చేతిలో మా పుస్తకం. కాన్పుల పుస్తకం ఒక పక్కన, పసుపు సంచుల తూకం ఒక పక్కన పెట్టుకుని లెక్కగట్టాడు. "ఇన్ని కాన్పులయితే మాయలేవి? ఈ తూకం ఒక్క కోడికి కూడా సరిపోదు. అమ్ముకుంటున్నారా?" అన్నాడు. మాయల్ని మందుల కంపెనీలు కొంటాయని ఆయనెక్కడో విన్నాడట. బాయి మొహం పాలిపోయింది. నేను మాయల సంగతి, ముంతల సంగతి చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ వచ్చేసరికి తూకం సరిగా లేకపోతే అనుమతి ఇవ్వనని, దవాఖానకు తాళం పడుతుందని చెప్పి పోయాడు.

ఆ మాటతో మా కాంపౌండరుకు తెలివి పుట్టింది. మర్నాడు పసుపు సంచి ఎత్తబోతే నా చెయ్యి ఊడొచ్చినంత పనైంది. తెరిచి చూస్తే తడిపిన దూది. "తూకమే గదా గావాలె, తూకమిచ్చిన" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. "గట్లయితె రేపు ఇటుక పెట్టు, నీకు దూది సుత మిగుల్తది" అని నేను అరిచిన అరుపుకు పైవార్డులో పడుకున్నవాళ్లు లేచారు. బాయి విని ఇద్దర్నీ తిట్టి, కొత్త హుకుం జారీచేసింది. ఇకమీద మాయ ఒక్కటి కూడా గడప దాటకూడదు. ఏడ్చినా, మొక్కినా, పసుపు సంచిలోకే పోవాలి. చెప్పవలసిన పని నాది. నోరున్నందుకు శిక్ష ఇట్లా ఉంటుంది.

సరిగ్గా ఆఫీసరు మళ్లీ తనిఖీకి వచ్చిన పొద్దుటే ఇస్లాపూర్ నుంచి వచ్చిన అవ్వ కోడలికి కాన్పయింది. ఆడపిల్ల. ఆ అవ్వ పొట్టి మనిషి, గొంతు మాత్రం ఆరడుగులు. బిడ్డ ఏడుపు వినగానే తలుపు బయటే నేలమీద కూలబడి, నవ్వుతూ ఏడ్చేసింది. "ఆడివిల్లనే గానీ బతికున్నది బిడ్డా, బతికున్నది!" అని నా చేతులు పట్టుకుని ఊపేసింది. ఆ కోడలికి అంతకుముందు పుట్టినవాళ్లెవరూ నిలవలేదట. మొదటి కాన్పు ఏదో ఊరి దవాఖానలో అయితే మాయను అక్కడి డ్రమ్ములో వేశారు, కుక్కలు లాగాయి, పిల్లవాడు పురిట్లోనే పోయాడు. తర్వాతది కడుపులోనే పోయింది. అవ్వ లెక్కలో ఈ రెంటికీ కారణం ఒక్కటే, ఆ డ్రమ్ము. లోపల పడుకున్న ఆ పిల్ల లెక్కలో కూడా అదే.

అవ్వ ముంత తీసింది. సున్నం బొట్లు పెట్టిన కొత్త ముంత. "ఇయ్యి బిడ్డా, మాపటి బండికి పోయి పూడ్సి అస్త" అంది. మీ మాయ ఇవ్వడానికి లేదని చెప్పడం మొదలుపెట్టానో లేదో వరండా దద్దరిల్లింది. "ఏంది, ఇయ్యరా? నా కోడలు కడుపుల నుంచి అచ్చింది మీరెవ్వరు ఉంచుకోనికె?" ఆ కేకకు ఆఫీసరు బాయి గది నుంచి బయటికొచ్చాడు. ముంతను చూశాడు, నన్ను చూశాడు. తూకం ఎక్కడికి పోతోందో అప్పుడర్థమైంది ఆయనకు. నేను మొదటిసారే చెప్పబోయిన మాటను సొంతంగా కనిపెట్టినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

అవ్వకు తనే నచ్చచెబుతానన్నాడు. మరాఠీలో ఏకబిగిన ఉపన్యాసమిచ్చాడు, సంక్రమణం, ప్రజారోగ్యం, పర్యావరణం అంటూ. నేను తెలుగు చేశాను. "అవ్వా, మాయను ఇంటికియ్యద్దని సర్కారు కానూన్ చేసిందట. పసుపు సంచిల పెట్టి వాళ్లే తీస్కపోతరట."

"తీస్కపోయి ఏం జేస్తరట? అడుగు" అంది అవ్వ.

అడిగాను. ఆయన వేళ్లు మడిచి చెప్పాడు. లోతైన గుంత, సున్నం, మట్టి, పైన ఇనుప జాలీ. కుక్క కాదు, ఎలుక కూడా రాదు.

"సున్నం ఏస్తరా?"

"ఏస్తరట అవ్వా."

"మొక్కుతరా?"

ఇది ఎట్లా అడగాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేశాను. ఆయన విసుగ్గా చెయ్యూపి, అవునవును, అన్నీ చేస్తాం, సర్కారు మాట, పొమ్మను అన్నాడు. అవ్వ ఆ మాటను పట్టుకుంది. సర్కారు మాట. నిజాం కాలంలో పుట్టిన మనిషి, సర్కారంటే కొడుతుందని తెలుసు గానీ అబద్ధమాడుతుందని తెలియదు. ఆయా తెచ్చిన పసుపు సంచిని చూడగానే అవ్వ మొహం మెత్తబడింది. "సూసినవా బిడ్డా, పసుపు బట్టల సుట్టినట్టు సుడ్తున్నరు. సర్కారుకు సుత తల్లి కడుపంటే ఇజ్జత్ ఉన్నది" అంది. నేను ఆయనకు ఇది తెలుగు నుంచి మరాఠీ చెయ్యలేదు. కొన్ని మాటలు తెలుగులోనే ఉంటే మేలు.

మాయ సంచిలోకి పోయింది. నేను చీటీ అంటించాను. అవ్వ కొంగు నుంచి పసుపుకొమ్ము తీసి సంచి మూతికి దారంతో కట్టింది. కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఇది నియమాల్లో లేదని ఆఫీసరు గొణిగాడు. తర్వాత అవ్వ అసలు మాట బయటపెట్టింది. "నేను సుత టెంపోల పోత. గుంత నా కండ్లతోని సూసి, మట్టి ఏసి, అచ్చి కోడలికి జెప్త. నా మాట తప్ప దానికి ఎవ్వరి మాట ఎక్కది." సంచులు ఎత్తుకుపోయే కాంట్రాక్టరు టెంపో అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. పోతే పోనివ్వమన్నాడు ఆఫీసరు. జనానికి ఇట్లాగే అవగాహన కలగాలని కూడా అన్నాడు. టెంపో డ్రైవరు కర్ఖేలి ఊరి మనిషి, తెలుగువాడే. అవ్వ వాణ్ణి కొడుకా అని పిలిచి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. వాడు మా వైపు ఒకలాంటి చూపు చూసి బండి తీశాడు.

లోపల కోడలు బిడ్డను దగ్గరికి తీసుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. "మాయ మట్టిల పడకముందు పాలిస్తె అచ్చిరాదక్కా. మా అత్త అచ్చి జెప్పినాక ఇస్త" అంది. బాయి వచ్చి కేకలేసింది. చదువుకున్నదానివేనా అని అడిగింది. ఆ పిల్ల చదువుకోనేలేదు, కాబట్టి ఆ తిట్టు తగలలేదు. నేను వీపు నిమిరి, బతిమాలి, చివరికి నాకు కూడా కోపం వచ్చి, "గా సంచి కోసరం పిల్లను ఎండబెడ్తవా?" అన్నాను. ఆ పిల్ల నా వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు. "ఇద్దరు పోయిన్రక్కా. నాకు దీన్ని ఇడిసిపెట్టే ధైర్నం లేదు" అంది. పుట్టిన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ ఏడుపు రిసెప్షన్ దాకా వినిపించింది.

ఆఫీసరు మాత్రం బాయి గదిలో పని చేసుకుంటున్నాడు. పనంటే ఏముంది, సమోసాలు వచ్చాయి, చాయ్ వచ్చింది, మళ్లీ చాయ్ వచ్చింది. పసుపు సంచి బరువు మొదటిసారి బాగుందని మెచ్చుకున్నాడు. రంగు రంగు సంచులు వరసగా పెట్టిన తీరు కూడా మెచ్చుకున్నాడు. సంచులు ఎక్కడికి పోతాయో చూపించే గడి ఆ కాగితంలో ఉంది, అందులో 'తగిన రీతిన' అని రాసుకున్నాడు. బాయి మొహంలో కొన్ని నెలల తర్వాత రంగు కనిపించింది. ఏడుస్తున్న పసిపిల్ల ఎవరిదని ఆయన మధ్యలో ఒకసారి అడిగాడు. తలుపు వేసుకోండి సర్ అని నేనే అన్నాను.

పొద్దు వాలుతుండగా అవ్వ తిరిగొచ్చింది. గేటు దగ్గరే ఎవరో ఆపబోతే తోసేసి వచ్చింది. కాళ్లకు మసి, చీర కుచ్చిళ్లకు బురద, జుట్టంతా రేగి ఉంది. ఒక చేతిలో చింతబరికె. ఇంకో చేతిలో అదే పసుపు సంచి, పసుపుకొమ్ము వేలాడుతూ. నన్ను దాటుకుని నేరుగా బాయి గదిలోకి పోయింది. నేను వెనకాలే పరుగెత్తాను. అవ్వ సంచిని బల్లమీద, సమోసాల పళ్లెం పక్కన పెట్టింది.

"సాబ్, గుంత యాడున్నది?" అంది.

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. అవ్వ ఆగలేదు. "నేను సూసిన. ఊరవతల దిబ్బ. టెంపో ఎనక్కు మర్లింది, ఎనక డాల తలుపు తెరిసిన్రు, మొత్తం గుమ్మరిచ్చిన్రు. పసుపు సంచి, ఎర్ర సంచి, నల్ల సంచి, అన్ని ఒక్కకాడనే. నువ్వు జెప్పిన గుంత లేదు, సున్నం లేదు, జాలీ లేదు. కుక్కలున్నయి సాబ్. హారన్ కొట్టంగనే లేసి అచ్చినయి. అన్నం పెట్టెటోడు అచ్చిండన్నట్టు తోకలూపుకుంట అచ్చినయి." అవ్వ చింతబరికె ఎత్తి చూపించింది. "నేను కట్టె పట్కొని కొట్టిన. నా సంచి నాకు దొరికింది. ఇంకెవ్వరెవ్వరియో ఉన్నయి. గవి దొరకలే. ఏ తల్లులయో ఏమో."

నేను మరాఠీ చెయ్యవలసిన పని లేకపోయింది. ఆయనకు అంతా అర్థమైంది. అయినా ఆఫీసరు ఆఫీసరే కదా, ముందుగా ఆయనకు కనబడింది సంచి మీది చీటీ. దవాఖాన గేటు దాటిన చెత్త మళ్లీ లోపలికి ఎట్లా వచ్చిందని అడిగాడు. అనుమతి లేకుండా ఇట్లాంటివి మోసుకురావడం నేరమన్నాడు. కాంట్రాక్టరు బండిలో పోయి కుక్కల ముందు పడితే తగిన రీతి, అవ్వ చేతిలో వస్తే నేరం! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు చూడండి, ఆ రోజు ఆ సామెతను నేను కళ్లారా చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయేలోపే కుర్చీ చప్పుడైంది. బాయి లేచి నిలబడింది.

కాగితం చూస్తే వణికే మనిషి ఆ రోజు వణకలేదు. సొరుగులోంచి వాళ్లిచ్చిన నియమాల పుస్తకమే తీసింది. పెద్ద పట్నాలకైతే కాల్చే యంత్రం తప్పనిసరి, చిన్న ఊళ్లలో, పల్లెల్లో లోతుగా పూడ్చవచ్చునని అందులో అచ్చువేసి ఉంది. ఆ చోట వేలు పెట్టి ఆయన ముందుకు తోసింది. "సాహెబ్, కాల్చే యంత్రం మీ దగ్గర లేదు. గుంత మీ దగ్గర లేదు. ఉంటే చూపించండి, ఈ సంచి ఇప్పుడే మీ చేతికిస్తాను. ఆమె ఊరు పల్లె. ఆమె దగ్గర గుంత ఉంది. ఇంకేం కావాలి?" అంది. పక్క వార్డులో బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. అప్పటికి గొంతు బొంగురుపోయింది. "ఆ ఏడుపు పొద్దుటి నుంచి వింటున్నారు కదా. మీ మాట నమ్మినందుకు ఏడుస్తోంది" అంది బాయి.

ఆయన పుస్తకం తిప్పి చూశాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. పుస్తకంలో బాయి చూపించిన మాట అక్కడే ఉంది, ఎక్కడికీ పారిపోలేదు. అవ్వను చూసి, గుంత ఎంత లోతని మరాఠీలో అడిగాడు. సర్కారు పరువు కాపాడుకోవడానికి ఏదో ఒకటి అడగాలి కదా.

"నా నడుము దాక దిగుత. సున్నం ఏస్త. మీద బండ పెడ్త. మొక్కుత" అంది అవ్వ.

ఆయన పెన్ను తీసి, 'తగిన రీతిన' అన్నదాన్ని కొట్టేసి, గ్రామంలో పూడ్చుటకు అని రాశాడు. మన దేశంలో తలకాయ పగిలే సమస్యకైనా సరైన గడి దొరికితే అదే పరిష్కారం. మొక్కుట అన్న గడి మాత్రం దొరకలేదు.

అవ్వ సంచిని కొంగుతో తుడిచి చంకలో పెట్టుకుంది. కిన్వట్ వైపు పోయే ప్యాసింజరుకు టైమవుతోంది. పోతూ పోతూ వార్డు గుమ్మంలో ఆగి, సంచిని పైకెత్తి చూపించింది. "సూడు బిడ్డా, నా తాననే ఉన్నది. నేను పోయి పండవెట్టి అస్త. పిల్లకు పాలియ్యి" అంది.

కోడలు లేచి కూర్చుంది. "ఇంకా మట్టిల పడలే గదా అత్తా" అంది, భయంగా.

"నా సంకల ఉన్నది. ఇగ ఏ కుక్క ముడ్తది?"

ఆ పిల్ల అత్త చంకలోని సంచిని చూసింది. తర్వాత చేతులు చాపింది. నేను బిడ్డను ఎత్తి ఇచ్చాను. ఆ పసిది కాసేపు వెతుక్కుని, దొరకబుచ్చుకుని, ఏడుపాపింది. దవాఖానంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. మాయకూ పాలకూ సంబంధం లేదని నాకు తెలుసు, బాయి నాకు పటం గీసి మరీ చెప్పింది. అయినా నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా.

కళ్లు తుడుచుకుని తిరిగితే వెనకాల గుమ్మంలో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. పాలు తాగుతున్న బిడ్డ కేసి కాక, అవ్వ పోయిన గేటు కేసి చూస్తున్నాడు. పోయిన ఏడు, ఈ సంచులు వచ్చిన కొత్తలో, ఆయన భార్య కూడా మా దగ్గరే కన్నది. మగపిల్లవాడు. పేడాలు పంచారు, నేనూ తిన్నాను. ఆ సంగతికీ ఈ తనిఖీకీ సంబంధముందని ఆ సాయంత్రం దాకా ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

"మాది?" అన్నాడు మరాఠీలో, చాలా మెల్లగా. "మా బాబుది ఎక్కడికి పోయింది?"

ఆయన్ని ఆడిపోసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ ఆయన మొహం చూస్తే, ఇంటికి పోయి భార్యకు ఏం చెప్పాలో తెలియని మనిషి మొహంలా ఉంది.

"మీరు ముంత తేలేదు కదా సర్. పసుపు సంచిలో పెట్టాం" అన్నాను.

"ఆ టెంపోలోనేనా?"

"ఆ టెంపోలోనే సర్."

ఆయన తల ఊపాడు. రోగుల చుట్టాలు కూర్చునే బల్ల మీద, చివరన, కూర్చుండిపోయాడు.